అంగన్‌వాడీలో ఇంకొక్క చుక్క

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో అంగన్‌వాడీ పిల్లలకు చేస్తున్న ఎత్తు, బరువు, రక్తహీనత పరీక్షల గురించి వార్త వచ్చింది. వాటిలో రక్తంలో సీసం పరీక్ష లేకపోవడం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నేను ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి 2018లో పదవీ విరమణ చేసినదానిని. సీసం అంటే నాకు పద్యం. నాలుగు పెద్ద పాదాలు, కింద ఒక ఆటవెలదో తేటగీతో. ఆ మాటకున్న రెండో అర్థం, ఒంటికి విషమైన లోహమని, మనవడి రక్తపరీక్ష కాగితం చూశాక గానీ నా బుర్రకెక్కలేదు.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. 2023 చివర్లో పురుడు పోయడానికి వెళ్తూ నేను మోసుకెళ్ళిన సామానులో ఒక సత్తు గిన్నె ఉంది. ఇప్పటివాళ్ళు అల్యూమినియాన్నే సత్తు అంటున్నారు. నేను చెప్పేది తగరంతో చేసే పాతకాలపు సత్తు. దాంట్లో కాచిన చారు రుచి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పినా లాభం లేదు. మా అమ్మ నాటి గిన్నెను నేనే పాడుచేశాను. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి ఫోనులో మాట్లాడుతూ కూర్చుంటే అడుగు కరిగి బర్నరు మీద వెండి చుక్కల్లా పడింది. అందుకని గుంటూరు బజారులో ఒకేలాంటివి రెండు కొన్నాను, కూతురికొకటి, కోడలికొకటి. అమ్మ అయితే కొనే ముందు గిన్నె అంచును తెల్ల కాగితం మీద గీసి చూసేది. నల్లగా గీత పడితే "సీసం కలిపాడు" అని పక్కన పెట్టేసేది. ఆ రోజు నా చేతిలో కాగితం లేకపోలేదు. దుకాణం వాడిచ్చిన బిల్లు ఉంది. గీసి చూడలేదు.

న్యూజెర్సీలో పిల్లలందరికీ ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళ వయసులో మరోసారి రక్తంలో సీసం ఎంత ఉందో చూడాలని చట్టం. బిడ్డ నీరసంగా ఉన్నాడనో అన్నం తినడం లేదనో కాదు, అందరికీ చేస్తారు. మా మనవడు గుమ్మటంలా ఉన్నాడు, ఒక్క జబ్బు ఎరగడు. వేలి చివర పొడిచి తీసిన చుక్కలో 10 వచ్చింది. పిల్లల వేళ్ళకు ఏ దుమ్మో అంటి ఉంటే అంకె పెరుగుతుంది కాబట్టి నరం నుంచి మళ్ళీ తీశారు. 7.9 వచ్చింది. అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 7.9 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. ఇంత లెక్క నేను స్కూల్ ఫైనల్ తర్వాత మళ్ళీ ఇప్పుడే చేశాను. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 3.5 దగ్గరే జాగ్రత్త పడమంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 వచ్చినా కారణం వెతికి తీసేయమంటోంది. ఇంతవరకు పరవాలేదు అనదగిన మోతాదు ఒకటి ఉందని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనడం లేదు.

కొన్నాళ్ళకు అక్కడి ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ తుపాకీ లాంటి యంత్రం పట్టుకుని ఇంటికి వచ్చింది. అమ్మాయి ఫోనులో వీడియో పెట్టి నాకూ చూపించింది. అక్కడ పగలు, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆవిడ గోడలకు పెట్టి చూసింది, కిటికీలకు, బొమ్మలకు, ఉయ్యాలకు పెట్టి చూసింది. నేను చేసిచ్చిన కాటుక భరిణె బయటికి తీసినప్పుడు నా గుండె దడదడలాడింది. కాటుకలో ఏమీ లేదు. తర్వాత పసుపు డబ్బా. అది దుగ్గిరాల కొమ్ములు తెప్పించి దగ్గరుండి మర పట్టించినది, అందులోనూ లేదు. సత్తు గిన్నెకు ఆనించగానే యంత్రం మీద అంకెలు పరుగెత్తాయి. చింతపండు పులుసు అందులో రోజూ మరుగుతుంటే సీసం కొద్దికొద్దిగా చారులోకి దిగింది. ఏడో నెల నుంచి పిల్లవాడికి చారన్నమే.

"అమ్మా, ఈ గిన్నె ఎక్కడ కొన్నావు?" అంది అమ్మాయి.

నేను జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి వంటింట్లోకి చూశాను. దాని జోడీ గిన్నె పొయ్యి మీద ఉంది. మా కోడలు రాత్రి భోజనానికి చారు వేడి చేస్తోంది.

మర్నాడు మనవరాలిని ఎత్తుకుని బయలుదేరాం. దానికప్పుడు రెండున్నరేళ్ళు. గుంటూరు కొత్తపేటలో అడుగుకో ఆసుపత్రి, ఆసుపత్రికో ల్యాబు. మొదటి ల్యాబులో అబ్బాయి "ఐరన్ పరీక్షా మామ్మగారూ?" అన్నాడు. రెండో చోట అసలు ఆ పేరే వినలేదన్నారు. మూడో చోట కంప్యూటర్లో చాలాసేపు వెతికి, ఉంది కానీ నమూనా హైదరాబాదు పంపాలి, అయిదు రోజులు పడుతుంది, 1,800 రూపాయలు అన్నారు. పిల్లల డాక్టరుగారు మంచాయన, మా అబ్బాయికి బాగా తెలిసినవారు. "ఎందుకమ్మా, బాగానే ఆడుకుంటోంది కదా" అన్నారు. జరిగింది చెప్పాక కలం మూసి, "ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో ఈ పరీక్ష నేనెప్పుడూ రాయలేదమ్మా" అని ఒప్పుకున్నారు. ఆయనను తప్పు పట్టను. అడిగేవాళ్ళు లేని పరీక్షను రాసేవాళ్ళు ఎక్కడ ఉంటారు?

ఆరో రోజు కాగితం వచ్చింది. 8.4. పక్క గడిలో "సాధారణ పరిమితి: 10 లోపు". దాని కింద "నార్మల్". మా అబ్బాయి ఊపిరి పీల్చుకుని, "చూశావా అమ్మా, నార్మలే, అనవసరంగా కంగారు పడ్డాం" అన్నాడు.

ఈ ఒక్క ముక్క కోసమే నేను ముఖ్యంగా ఈ ఉత్తరం రాస్తున్నాను. 7.9 వచ్చిన పిల్లవాడి ఇంటికి అక్కడ ఆరోగ్యశాఖ నడిచి వచ్చింది. 8.4 వచ్చిన పిల్లకు ఇక్కడ నార్మల్ అని ముద్ర పడింది. పదిలోపు అయితే పరవాలేదన్న ఆ అంకె అమెరికావాళ్ళు 1991లో పెట్టుకున్నది. అప్పుడు మా అబ్బాయి పలక మీద అ ఆలు దిద్దుతున్నాడు. 2012లో వాళ్ళే దాన్ని 5కు దించారు, 2021లో 3.5కు దించారు. మన కాగితాల మీద మాత్రం ఆ పాత పదే అచ్చవుతోంది. పరీక్ష చేయించని తల్లిదండ్రులకు కనీసం అనుమానమైనా మిగులుతుంది. చేయించి నార్మల్ అని చదువుకున్నవాళ్ళకు అదీ మిగలదు. గిన్నె మళ్ళీ పొయ్యెక్కుతుంది.

8.4 ఉన్న పిల్ల చూడటానికి ఎలా ఉంటుందంటే, మామూలుగా ఉంటుంది. మూర్ఛలు రావు, పడిపోదు. మాటలు కాస్త ఆలస్యం కావచ్చు, నిలకడ తక్కువ కావచ్చు, చదువులో నాలుగు మెట్లు వెనక పడవచ్చు. మెదడుకు ఒకసారి జరిగిన నష్టం వెనక్కి రాదని డాక్టర్లు చెబుతున్నారు. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మనవల గురించి మాత్రమే కాదు. ముప్పై నాలుగేళ్ళలో ఎంతమందిని మొద్దు అన్నానో, ఎంతమందికి గోడకుర్చీ వేయించానో లెక్క లేదు. వేమన పద్యం పదిసార్లు చెప్పినా పట్టుబడని పిల్లలు వెనక బల్లల మీద ప్రతి ఏడూ ఉండేవారు. వాళ్ళలో ఎవరి రక్తంలో ఏముందో నాకేం తెలుసు? అప్పట్లో పెట్రోలులోనే సీసం కలిపేవారు, మన దేశంలో అది ఆగింది 2000లో. అందరిదీ సీసమే అని నేననడం లేదు. ఒక్కరిదైనా అయి ఉండవచ్చు, ఆ ఒక్కరెవరో తెలుసుకునే దారి మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నా విద్యార్థి ఒకడికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బ్యాటరీలు బాగుచేసే దుకాణం ఉంది. మొన్న వేసవిలో పనిగట్టుకుని వెళ్ళాను. వాడు బ్యాటరీని పక్కకు వంచి యాసిడ్ వంపేసి, పైమూత ఊడదీసి, సీసపు ప్లేట్లు ఒక్కొక్కటే బయటికి లాగుతున్నాడు. వాటి మీది బూడిదరంగు పిండి చేతులకు, చొక్కాకు, కనుబొమలకు అంటి ఉంది. నన్ను చూసి లేచి "కూర్చోండి టీచరుగారూ" అని ఆ చేత్తోనే కుర్చీ తుడిచాడు. టీ తెప్పించి ఆ చేత్తోనే గ్లాసు అందించాడు. మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది, వెంట మూడేళ్ళ కొడుకు. వాడు వస్తూనే నాన్న ఒళ్ళోకి ఎక్కి చొక్కా గుండీ నోట్లో పెట్టుకున్నాడు.

"వీడికెప్పుడైనా రక్తపరీక్ష చేయించావా?" అని అడిగాను.

"చేయించామండీ, రక్తం తక్కువగా ఉందన్నారు. మందు పోస్తూనే ఉన్నాం, ఎక్కడం లేదు."

నా విద్యార్థికి కూడా అప్పుడప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుందట. గ్యాసు అనుకుని మాత్ర వేసుకుంటాడట. పని బట్టలు దుకాణంలోనే విడిచి, స్నానం చేసి, ఆ తర్వాతే పిల్లవాడిని ముట్టుకొమ్మని చెప్పాను. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దని భార్యకు చెప్పాను. సీసం పరీక్ష ఎక్కడ చేస్తారని వాడు అడిగితే నా దగ్గరున్న జవాబు 1,800 రూపాయలు, అయిదు రోజులు, చివర్లో నార్మల్ అన్న అబద్ధం. "ఇద్దరికీ కలిపి మూడువేల ఆరువందలా టీచరుగారూ" అని నవ్వేశాడు. బడిలో లెక్కలు రావని వాడికి పేరు.

రక్తహీనతకు, సీసానికి ఉన్న చుట్టరికం మన జిల్లాలవాళ్ళకు ఎవరైనా గట్టిగా చెప్పాలి. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లల పేగు సీసాన్ని మరింత ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది. లోపలికి వెళ్ళిన సీసం మళ్ళీ రక్తం పట్టకుండా అడ్డుపడుతుంది. అసలే పసిపిల్లలు నోట్లోకి వెళ్ళిన సీసంలో పెద్దవాళ్ళకంటే నాలుగయిదు రెట్లు ఎక్కువ ఒంటికి పట్టించుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 60 శాతానికి పైగా రక్తహీనత ఉంది. వాళ్ళందరికీ సిరప్ పోస్తున్నాం, గుడ్డు పెడుతున్నాం, సంతోషం. పోసినా రక్తం ఎక్కని పిల్లల విషయంలో రెండో ప్రశ్న ఎవరూ వేయడం లేదు.

ఏలూరు మనకు ఎంత దూరం? విజయవాడ నుంచి అరవై కిలోమీటర్లు. 2020 డిసెంబరులో అక్కడ వందలమంది మూర్ఛలతో కుప్పకూలారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తర్వాత పురుగుమందుల మాట ముందుకొచ్చింది, మంత్రులు వచ్చారు, బృందాలు వచ్చాయి, మీ పత్రికలోనూ రోజూ మొదటి పేజీలో వేశారు. ఆ రెండు వారాలూ సీసం అనే మాట ప్రతి ఇంట్లో వినిపించింది. పడిపోతే చూస్తాం. పడిపోకుండా మెల్లగా తినేదాన్ని చూసే అలవాటు మనకు లేదు. యూనిసెఫ్ 2020లో వేసిన లెక్క ప్రకారం రక్తంలో సీసం 5 దాటిన పిల్లలు ప్రపంచమంతటా సుమారు 80 కోట్లు, అందులో మన దేశంలోనే 27 కోట్ల పైచిలుకు. ఆ కోట్లలో గుంటూరు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు, ఇక్కడ సూది దిగనే లేదు కనుక.

నేను అడిగేది కొత్త పథకం కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అని నాలుగు పద్దుల కింద ముప్పై రకాల సమస్యలు చూస్తాయి. ఎదుగుదల ఆలస్యమైందా అని చూసే జాబితాలో దానికి కారణం కాగల సీసం లేదు. హిమోగ్లోబిన్ కోసం వేలు ఎలాగూ పొడుస్తున్నారు. ఏడాది నిండినప్పుడు ఒకసారి, రెండేళ్ళకు ఒకసారి అదే వేలి నుంచి ఇంకొక్క చుక్క తీయండి. చుక్క రక్తంతో మూడు నిమిషాల్లో అంకె చూపే చిన్న యంత్రాలు ఉన్నాయి. పొడిచే ముందు పిల్లల చేతులు సబ్బుతో బాగా కడగాలి, ఎక్కువ వస్తే నరం నుంచి తీసి నిర్ధారించుకోవాలి. ఆ నిర్ధారణ గుంటూరు, విజయవాడ సర్వజన ఆసుపత్రుల్లోనే జరిగేలా చూస్తే నమూనా హైదరాబాదు బస్సెక్కనక్కరలేదు. ఒకేసారి అందరికీ కుదరదంటే రెండు ఊళ్ళ ఆటోనగర్‌ల చుట్టుపక్కల బస్తీలతో మొదలుపెట్టండి, సిరప్‌కు లొంగని రక్తహీనత ఉన్న పిల్లలతో మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు, కాగితాల మీద ఆ పదిని తీయించండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

"తేలితే మాత్రం ఏం చేస్తాం, మందు లేదు కదా" అని మా పక్కింటాయన అన్నారు. ఆయన పశువైద్యశాఖలో చేసి రిటైరయ్యారు, అన్నీ తెలుసు. నిజమే, సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45 దాటినప్పుడే ఇస్తారు. కానీ మా ఇద్దరు పిల్లలకు పనిచేసిన మందు గిన్నె మార్చడం. ఇనుము, క్యాల్షియం, విటమిన్ సి సరిగా అందేలా తిండి చూసుకున్నాం, అంతే. ఆరు నెలల్లో మనవడికి 3.1కి దిగింది. మనవరాలికి నాలుగు నెలల తర్వాత 5.6. దిగింది గానీ అనుకున్నంత దిగలేదు. ఇంకేదో ఉందని ఇల్లంతా వెతికితే మిగిలింది వీధివైపు కిటికీ. 2009లో ఆకుపచ్చ రంగు వేయించాం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మా పిల్ల సాయంత్రం వాళ్ళ నాన్న కోసం ఎదురుచూస్తూ ఆ కిటికీ ఊచలు నాకుతుంది, ఊడిన పెచ్చులు గిల్లుతుంది. మా అబ్బాయి ఆదివారం ఉప్పు కాగితం తెచ్చి గీకడానికి కూర్చున్నాడు. అమ్మాయి ఫోనులో అరిచి ఆపించింది. పొడిగా గీకితే ఆ దుమ్మంతా ఇంట్లోనే పడుతుందట. తడిపి గీకించాం, పిల్లను వారం రోజులు వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఉంచాం.

బంగ్లాదేశ్ సంగతి ఒకటి చెప్పాలి, దుగ్గిరాల యార్డు పక్కన పెరిగినదాన్ని కనుక. అక్కడి పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఉందో వెతుక్కుంటూ పోతే అది పసుపు దగ్గర తేలింది. కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూస్తున్నారని 2019లో బయటపడింది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చాటింది. 2021 నాటికి బజారులో తీసిన నమూనాల్లో ఆ కల్తీ కనిపించలేదు. మొదట ఎవరో రక్తం చూశారు కాబట్టి పసుపు దాకా వెళ్ళగలిగారు. మన దగ్గర ఏ గిన్నె, ఏ రంగు, ఏ దుకాణం అన్నది తెలియాలన్నా అదే దారి.

కోడలి సత్తు గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాను. మొన్న పాత సామాను కొనే బండి అబ్బాయి బరువు చూసి మంచి ధర కడతానన్నాడు. ఇవ్వలేదు. వాడికిస్తే ఎక్కడో కరిగి, మళ్ళీ పోత పోసుకుని, ఎవరి వంటింటికో చారు గిన్నెగా వెళ్తుంది. ఇలాంటివి ఎక్కడ అప్పగించాలో నగరపాలక సంస్థవారు మీ పత్రిక ద్వారా తెలియజేస్తే మర్నాడే తీసుకెళ్ళి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు